సారలమ్మ వేరు పొయ్యి

కొడుకు క్వార్టర్‌లో గ్యాస్ పొయ్యి ఉంది. కోడలు చేతి వంటకు కాలనీలో మంచి పేరుంది. అయినా సారలమ్మ మాత్రం వెనక వాకిట్లో గోడకు ఆనించి మూడు ఇటుకలు పెట్టుకుని, కట్టెపుల్లలు ఎగదోసుకుంటూ, తన గిన్నెడు అన్నం తను వండుకు తింటుంది. పొద్దున గోదావరిఖని మార్కెట్‌లో ఆకుకూర అమ్ముతుంది. ఆ వచ్చిన దాంతో తన బియ్యం, తన ఉప్పు, తన కారం కొనుక్కుంటుంది. కొడుకు జీతంతో కొన్న మెతుకు ఒక్కటి కూడా ఆమె నోట్లోకి పోదు. పండగ పూట మాంసం వండినా అంతే, జ్వరమొచ్చి లేవలేకపోయినా అంతే.

ఇలాంటిది కళ్లబడితే కాలనీ ఊరుకుంటుందా? నల్లా దగ్గర బిందెలు వరసలో పెట్టి, నీళ్లు వచ్చేదాకా చేసే పని అదే కదా. సంధ్యారాణి అత్తకు ఇంత ముద్ద పెట్టడం లేదని ఏనాడో తేల్చేశారు. నిజానికి ఆ పిల్ల పెట్టని రోజు లేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో రోజూ రెండు పూటలా కంచం తెచ్చి అత్త ముందు పెట్టేది. "నాకు పడదు బిడ్డా" అనేది సారలమ్మ. ఏం పడదు, ఎందుకు పడదు అని అడిగితే మొహం తిప్పేసుకునేది. కొడుకు అంజి కూడా కొన్నాళ్లు కోప్పడి, కొన్నాళ్లు బతిమాలి, చివరికి ముసలితనం చాదస్తమని వదిలేశాడు. అది చాదస్తం కాదని తెలిసింది సారలమ్మ ఒక్కదానికే.

ఆమె మొగుడు పోశం బొగ్గుబావిలో పనిచేసేవాడు. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చెడ్డవాడు కాదు. సాయంత్రం కాస్త తాగేవాడు, తాగితే పాట అందుకునేవాడు, పాడుతూ పాడుతూ నిద్రపోయేవాడు. భార్య మీద చెయ్యి ఎత్తిన మనిషి కాదు. అతను దిగిపోవాల్సిన ఏడాది వచ్చింది. బొగ్గుబావుల దగ్గర దిగిపోవడం అంటే రిటైరవడం.

ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు గానీ తెలియనివాళ్ల కోసం చెప్పాలి. సర్వీసులో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఆ నౌకరీ వస్తుంది. దిగిపోయిన మర్నాడు పోతే ఏమీ రాదు. అందుకని దిగిపోయే ఏడు దగ్గరపడ్డ మొగవాళ్లు చాయ్ హోటల్లో కూర్చుని ఒక మాట అనుకుని నవ్వుకుంటారు. పోశం కూడా అనేవాడు. "ఇంకో నెలైతే ఒట్టిగ సచ్చుడే. గీ లోపల పోయినా పోరనికైన పనికొస్తుంటి." అని నవ్వేవాడు. అంజి అప్పుడు ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టరు దగ్గర మట్టి లారీల మీద హెల్పరు. పర్మినెంటు కాదని పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోయేవారు. డిపెండెంట్ నౌకరీకి వయసు కూడా దాటిపోబోతోంది. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఎవరు ఏం మాట్లాడినా చివరికి ఆ మాట దగ్గరికే వచ్చి ఆగేది.

అది మే నెల. రామగుండం ఎండ సంగతి చెప్పాలా? రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. పోశం మొదటి షిఫ్టు చేసి వచ్చాడు, స్నానం చేశాడు, పచ్చిపులుసుతో అన్నం తిన్నాడు, మంచం మీద ఒరిగాడు. సారలమ్మ గిన్నెలు కడిగి వచ్చేసరికి అతని మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. కుడి చెయ్యి మంచం మీద నుంచి జారి వేలాడుతోంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆమెనే చూస్తున్నాయి.

అంజి పనికి పోయి ఉన్నాడు. ఆమె వీధిలోకి పరుగెత్తింది. మూల మీద ఆటో ఉంది. డ్రైవరు వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని నిద్రపోతున్నాడు. దవాఖాన ఎంతో దూరం లేదు. ఒక్క కేక వేస్తే చాలు. ఆ కేక గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆమెకు గుర్తొచ్చింది, ఇంకా నెల రోజుల సర్వీసు ఉందని.

కొంచెంసేపు చూద్దాం అనుకున్నానని తర్వాత ఆమె తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకుంది. అది అబద్ధం. ఏం చూడడానికి ఆగిందో ఆ క్షణంలోనే ఆమెకు తెలుసు. వెనక్కి వచ్చి తలుపు దగ్గరకు వేసింది. మంచం పక్కన నేల మీద కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉంది. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగితే గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. చెమ్చాతో నీళ్లు పోసింది, అవి పక్కనుంచి కారిపోయాయి. చీర కొంగుతో తుడిచింది. మొగుణ్ని అంత ఆపేక్షగా ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. కానీ ఆటోను మాత్రం పిలవలేదు.

ఎండ వాలాక తలుపు తీసి బొబ్బ పెట్టింది. ఆ ఏడుపు నిజమే, అందులో నటన ఏమీ లేదు. ఇరుగుపొరుగు వచ్చారు, మోసుకుపోయారు. దవాఖానలో కుర్ర డాక్టరు అడిగాడు, ఎప్పుడు పడిపోయాడమ్మా అని. "ఇప్పుడే సారూ, గిప్పుడే" అంది. డాక్టరు నమ్మాడు. మర్నాడు పోశం పోయాడు. ముందే తెస్తే బతికేవాడా, అప్పుడైనా పోయేవాడా అన్నది ఎవరూ చెప్పలేదు. అడగాలంటే ఆమె నిజం చెప్పాలి కదా.

అంజికి నౌకరీ వచ్చింది. మొదటి రోజు బూట్లు వేసుకుని, టోపీ చంకలో పెట్టుకుని, తండ్రి ఫొటోకు దండం పెట్టి బయల్దేరాడు. మొదటి జీతానికి అవ్వకు, అంటే తల్లికి, చీర తెచ్చాడు, మాంసం తెచ్చాడు. సారలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, లేచి వెళ్లి మోరీ దగ్గర కక్కేసింది. ఆ వారమే వెనక వాకిట్లోకి మూడు ఇటుకలు వచ్చాయి.

రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డులో చర్చి ఒకటి ఉంది. మార్కెట్‌లో పక్కన కూర్చుని టమాటాలు అమ్మే ఆమె ఒక ఆదివారం అక్కడికి తీసుకుపోయింది. సారలమ్మ దేవుణ్ని వెతుక్కుంటూ పోయిందని చెప్పలేను. అక్కడ మనుషులు ప్రార్థనలో గట్టిగా ఏడుస్తున్నారు, ఎందుకేడుస్తున్నావని ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. ఆమెకు అది నచ్చింది. వారం వారం వెళ్లి కడుపారా ఏడ్చి వచ్చేది. ఏడవగా ఏడవగా చెవిలో మాటలు కూడా పడ్డాయి, ఆ మాటల్లోని ఆయన మీద మనసు నిలిచింది. గోదావరిలో బాప్తిస్మం తీసుకుంది. ఒడ్డున నిలబడి అందరూ పాపాలు కొట్టుకుపోయాయని పాడుతుంటే, తడి చీరతో వణుకుతూ ఆమె ఒకటే అనుకుంది. చెప్పని పాపం ఎట్లా కొట్టుకుపోతుంది?

కొన్నాళ్లకు అంజి, సంధ్యారాణి కూడా చర్చికి రావడం మొదలుపెట్టారు. కానీ నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల సమయానికి సారలమ్మ లోపల ఉండేది కాదు. అందరూ కలిసి తినే సాంబారన్నం చూసుకోవాలని షెడ్డు వెనక్కి వెళ్లిపోయేది. ఇన్నేళ్లలో ఆ సాంబారు ఒక్కసారి కూడా అడుగంటలేదంటే కారణం అదే. ఆ రొట్టె ముట్టే యోగ్యత తనకు లేదనుకునేది. అంతకంటే లోతున ఇంకో ఆలోచన ఉండేది. తను కడుపు మాడ్చుకున్నంత కాలం పోశానికి ఎంతో కొంత న్యాయం జరుగుతున్నట్టే. క్షమాపణ పుచ్చుకుని హాయిగా బతికితే అతన్ని రెండోసారి చంపినట్టే. ఇదీ ఆమె పెట్టుకున్న లెక్క.

ఈ యేడు సంధ్యారాణికి రెండో కడుపు కూడా నిలవలేదు. బెల్లంపల్లి నుంచి తల్లి వచ్చి పది రోజులు ఉంది. ఆ తల్లి ఒకరోజు నల్లా దగ్గరికి వెళ్లి, అక్కడ విన్నది విని, ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. అత్త ఉసురు తగిలి కడుపులు పోతున్నాయట. తిండి పెట్టని కోడలికి దేవుడు బిడ్డనెట్లా ఇస్తాడట. తల్లీ కూతుళ్లు లోపల తలుపేసుకుని ఏడ్చారు. తల్లి వెళ్లిపోయిన రోజు మధ్యాహ్నం సంధ్యారాణి అన్నం కంచం పట్టుకుని వెనక వాకిట్లోకి వచ్చింది. ఇంకా ఒంట్లో నెత్తురు లేదు, గోడ పట్టుకుని నడుస్తోంది. పొయ్యి ముందు కూర్చున్న అత్త ఎదుట నిలబడింది.

"అత్తమ్మా, నా తప్పేందో చెప్పు."

"నీ తప్పేం లేదు బిడ్డా."

"లేకపోతే నా శేతి కూడు ఎందుకు తింటలేవు? నీ ఉసురు తగిలిందంటున్నరు నాకు. తగిలిందా? నువ్వే చెప్పు. తిట్టుకున్నవా నన్ను?"

"అయ్యో, నిన్నెందుకు తిట్టుకుంట..."

"మరి చెప్పు!" అని ఆ పిల్ల కంచాన్ని నేలకేసి కొట్టింది. మెతుకులు పొయ్యిలో కూడా పడ్డాయి. సంధ్యారాణి అక్కడే కూలబడి, కడుపు పట్టుకుని ఏడ్చింది.

ఇన్నేళ్లు తనకు తాను వేసుకున్నాననుకున్న శిక్ష ఎవరి నెత్తిన పడుతోందో సారలమ్మకు అప్పుడు కనబడింది. కోడల్ని లేవదీసి లోపల పడుకోబెట్టి, చెప్పులైనా వేసుకోకుండా చర్చి షెడ్డుకు బయల్దేరింది.

పాస్టరు రాజం షెడ్డులో ఒక్కడే కూర్చుని మైకు వైరుకు టేపు చుడుతున్నాడు. ఆయనా ఒకప్పుడు బావిలో పనిచేసినవాడే. పోశం దుంగ నిలబెడితే చీల దిగగొట్టింది రాజమే. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒక జోడి. సారలమ్మ సిమెంటు నేల మీద కూర్చుని, ఆటో దగ్గర ఆగడం దగ్గర్నుంచి "గిప్పుడే సారూ" అనడం దాకా మొత్తం చెప్పింది. ఆమె చెప్పేటప్పుడు ఆయన చేతిలో టేపు ఆగిపోయింది. చెప్పడం అయ్యాక ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. బొగ్గు రైలు ఒకటి ఎంతకీ తెగకుండా పోతోంది. అది పోయేదాకా ఆయన పట్టాల దిక్కు చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చాక కూడా కూర్చోలేదు.

"పోశం నా జోడి, అక్కా. గిప్పుడు నీ మొఖం సూడబుద్ది అయితలేదు నాకు. గిది మనిషి మాట. దాసుకునుడెందుకు."

సారలమ్మ తల వంచుకునే ఉంది. ఆయన ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"ఇగ పాస్టరు మాట ఇను. నువ్వు చేసింది చిన్నదని నేననను. నీ ఆలస్యంతోనే పోయిండో, ఎట్లయినా పోతుండెనో నాకు తెల్వదు, నీకు తెల్వదు. దేవునికి తెల్సు. అంతా తెల్సే రమ్మని పిలుస్తున్నడు. నువ్వెందుకు పోతలేవు?"

"నాకు శిక్ష పడాలె అయ్యగారు."

"పడ్డది. నీ మీద గాదు, ఆయన మీద పడ్డది సిలువల. ఇన్నేండ్ల సంది నేను గా మైకుల చెప్పేది ఏంది? గది సాలదని నువ్వు వేరే పొయ్యి పెట్టుకున్నవు. ఆయన మోసిన దానికన్న నీ మూడు ఇటికెలు గొప్పయా?"

ఆమె ఏడుపు అందుకుంది. రాజం ఆపమని అనలేదు.

"అంజికి చెప్పాలె" అన్నాడు. "చెప్తే మాఫ్ చేస్తడని గాదు. చెయ్యకపోవచ్చు. నాకే కష్టమైతుంది, కొడుకు వాడు. వాడు మాఫ్ చేసినంక దేవునిది తీస్కుంట అని కూసోకు. ఆయన ఇస్తున్నది ఆయనే ఇస్తున్నడు."

ఆ మర్నాడు మధ్యాహ్నం అంజి షిఫ్టు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. సారలమ్మ గడప దగ్గర నిలబడి చెప్పింది. తినేదాకా ఆగుదామనుకుంది గానీ, ఆగడం అనేదే ఆమెకు భయమైపోయింది. సంధ్యారాణి వంటగది తలుపు పట్టుకుని విన్నది. అంతా అయ్యాక అంజి ఒకటే అడిగాడు.

"నా నౌకరి కోసమేనా?"

"ఆఁ."

అతను కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. లేచి వెళ్లిపోయాడు. రెండో రోజు ఇంటికి వచ్చాడు గానీ తల్లి వైపు చూడలేదు. టోపీ పెట్టుకుంటే నెత్తి మండుతోందని భార్యతో అన్నాడు. నౌకరీ వదిలేస్తానన్నాడు. వదిలేసి ఎక్కడికి పోతాడు? ఈ వయసులో మళ్లీ మట్టి లారీ ఎక్కాలా? మర్నాడు మళ్లీ అదే టోపీ పెట్టుకుని డ్యూటీకి పోయాడు. తండ్రి ప్రాణానికి బదులుగా వచ్చిన పని అని తెలిసి కూడా చేస్తున్నానే అన్న బాధ ఇప్పుడు అతనికి అంటుకుంది. తను ఒక్కతే మోసిన దాన్ని కొడుకు నెత్తిన కూడా పెట్టానని సారలమ్మ కుమిలిపోయింది. చెప్పకుండా ఉంటే బాగుండేదా అని చాలాసార్లు అనుకుంది. సంధ్యారాణి మాత్రం నల్లా దగ్గరికి వెళ్లినా ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు. ఆ పిల్ల గుణం అది.

మొదటి ఆదివారం వచ్చింది. అంజి చర్చికి రానన్నాడు. బల్ల సమయానికి సారలమ్మ కాళ్లు అలవాటుగా షెడ్డు వెనక్కి లాగాయి. కొంగు నెత్తిన కప్పుకుని, బలవంతాన ఆడవాళ్ల వరసలో కోడలి పక్కనే కూర్చుంది. ఏదో ఒకటి లోపల కదులుతుందని, బరువు దిగుతుందని చూసింది. ఏమీ కదల్లేదు. చేసిన పని చేసినట్టే కళ్ల ముందు ఉంది, అంత పెద్దదిగానే ఉంది. పళ్లెం చేతుల మీదుగా వచ్చి ఆమె ముందు ఆగింది. అందులో చిన్న చిన్న రొట్టె ముక్కలు. సాక్షాత్తూ పోశం స్నేహితుడే ఎదురుగా నిలబడి, అందరికీ చెప్పే మాటే చెబుతున్నాడు.

నేనే చేసిన, తండ్రీ, అనుకుంది సారలమ్మ. ఇంకెవ్వరు గాదు. నువ్వు ఇస్తున్నవు, నేను తీస్కుంటున్న.

రొట్టె నోట్లో పెట్టుకుంది. ఎండిపోయి ఉంది, అంగిట్లో అతుక్కుంది. వాంతి వస్తుందేమోనని భయపడింది. రాలేదు. మింగింది. ఆ తర్వాత ద్రాక్షరసం తాగింది. పక్కన సంధ్యారాణి ఏడుస్తోంది. సారలమ్మకు ఏడుపు రాలేదు. చాలా ఏళ్ల తర్వాత పోశం మొహాన్ని తలుచుకుంటే ఆమె కళ్లు మూసుకోవాలనిపించలేదు, అంతే. అంతమాత్రానికే ఆమె లోపల్లోపల ప్రభువుకు దండం పెట్టుకుంది. ఆ రోజు సాంబారు అడుగంటింది, ఎవరూ ఏమీ అనలేదు.

షెడ్డులో ఆమె అన్నం తినలేదు. ఇంటికి వచ్చి వెనక వాకిట్లోకి వెళ్లకుండా వంటగదిలో పీట వేసుకుని కూర్చుంది.

"సంధ్యా, ఆకలైతుంది బిడ్డా. ఇంత అన్నం పెట్టు."

"గీ మాటకు ఇన్నేండ్లు పట్టిందా నీకు" అని సంధ్యారాణి విసురుగా అంటూనే కంచం కడిగింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది. సారలమ్మ రెండు ముద్దలు తిన్నదో లేదో, గడపలో అంజి నిలబడి ఉన్నాడు. కొడుకు మొహం చూడగానే ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"తింటున్నవా?" అన్నాడు. ఇన్ని రోజుల తర్వాత తల్లితో అన్న మొదటి మాట అది. "గిప్పుడు తినబుద్ది అయితుందా? చెప్పేసినవు గద, ఇగ నిమ్మళమే నీకు. ఎట్ల దిగుతుందే గొంతుల?"

సంధ్యారాణి ఏదో అనబోయింది. సారలమ్మ చేత్తోనే వద్దంది.

"దిగుతలేదు కొడుకా. అయినా తింటున్న. దేవుడు మాఫ్ చేసిండు, నేను వద్దనకుంట తీస్కున్న. నువ్వు చెయ్యకున్నా నిన్ను ఏమన. చెయ్యుమని అడుగ."

అంజి గడప మీదే చతికిలబడ్డాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వాకిట్లోకి చూస్తూ కూర్చున్నాడు. కంచంలో అన్నం అలాగే ఉంది. అతను మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"బాపు ఏమన్న అన్నడా? గప్పుడు, తలుపు ఏసినంక?"

ఈ ప్రశ్న వస్తుందని సారలమ్మ ఎన్నో ఏళ్లుగా భయపడుతూనే ఉంది. వస్తే చెప్పడానికి ఒక జవాబు కూడా దాచిపెట్టుకుంది. మీ బాపే వద్దని కళ్లతో సైగ చేసిండు బిడ్డా, నీ కోసమే పోతనన్నడు అని. చెబితే అంజి నమ్మేవాడు. నమ్మి బతికినన్నాళ్లు తండ్రిని తలుచుకుని చేతులెత్తేవాడు, తల్లిని కూడా క్షమించేవాడు. ఆ జవాబు ఇప్పుడు కూడా నాలుక చివరనే ఉంది.

"మాట పోయింది గద, ఏమనలే" అంది. "ఎడమ శెయ్యి మంచిగనే ఉండె. గా శెయ్యితోని నా రెక్క పట్టుకొని తలుపు దిక్కు నూకిండు. పోయి పిలుసుకరా అని. రెండు సార్లు నూకిండు. నేనే పోలే."

సంధ్యారాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంజి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. తండ్రి పోయిన రోజు కర్మకాండల హడావుడిలో ఏడవలేకపోయిన ఏడుపు, నౌకరీ సంబరంలో మింగేసిన ఏడుపు, అంతా ఇప్పుడు వచ్చింది. బతకాలనుకున్నాడు బాపు. చాయ్ హోటల్లో అన్నవన్నీ వట్టి మాటలే. సారలమ్మ కొడుకు తల మీద చెయ్యి వెయ్యబోయి, అంత చనువు ఇంకా తనకు లేదని వెనక్కి తీసుకుంది.

చివరికి అతను లేచి, మోరీ దగ్గర మొహం కడుక్కున్నాడు. తువ్వాలతో తుడుచుకుంటూ తిరిగి వచ్చి, తల్లి మొహం వైపు చూడకుండా కంచం వైపు చూశాడు.

"సల్లారిపోయింది" అన్నాడు. "సంధ్యా, జర వేడిగ పప్పు పొయ్యి అవ్వకు."